దొరవారింటి మరదలు

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు భూస్వాముల్లో ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరు ఏ రోగంతో పోయారో నాకు బాగానే తెలుసు. మా కర్నూలు చుట్టాల గురించి అందులో సగం కూడా తెలియదు. ఈ జ్ఞానమంతా నాకు రియాద్‌లో అబ్బింది. అక్కడ ఒక ఇంటర్నేషనల్ స్కూలు లైబ్రరీలో నా ఉద్యోగం. ఆ ఊళ్ళోనే మలాజ్ పేటలో మా ఫ్లాటు. మా ఆయన ఏసీ టెక్నీషియన్. సౌదీలో ఉండనిచ్చే ఆయన ఇకామా కార్డు మీద డిపెండెంటుగా వచ్చినదాన్ని, స్కూలు వాళ్ళు పర్మిట్ తీసి పుస్తకాలకు స్టిక్కర్లు అంటించే పనిలో పెట్టారు. బీయస్సీ కంప్యూటర్స్ చదివిన పాపానికి చెడిపోయిన ప్రింటరు కూడా నా నెత్తికే వచ్చింది.

ఆ స్కూల్లో బయాలజీ చెప్పే ఒక ఇంగ్లండు పెద్దావిడ ఉండేది. టీచర్లూ పిల్లలూ అందరూ ఆవిడను మిస్ అనేవారు, నేనూ అంతే. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న తోడల్లా ఇంగ్లండులో ఒక తమ్ముడు. అతనికి పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఆ ఏడు బళ్ళు ముగియగానే ఆవిడ ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ తిరిగి రాకుండా, వెళ్ళిపోబోతోంది. వెళ్ళేలోగా ఒక పని పూర్తి చేయాలని పట్టుదల. కంటి ఆపరేషన్ అయింది కాబట్టి స్క్రీను ఎక్కువసేపు చూడలేదు. అందుకని నా దగ్గరికి వచ్చి, సాయం చేస్తావా అని అడిగింది. ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది, సరేనన్నాను.

పని ఏమిటంటే వంశవృక్షం. ఆవిడ నాయనమ్మ తల్లి ఒక జెంట్రీ కుటుంబంలోకి వెళ్ళిన మనిషి. జెంట్రీ అంటే ప్రభువుల బిరుదులు లేని భూస్వాములట. ఊరి పక్కన పెద్ద బంగళా, చుట్టూ కౌలు రైతులు, చర్చిలో ముందు వరస బెంచీ వాళ్ళది. భూమంతా పెద్దకొడుక్కి పోతుంది, రెండోవాడు సైన్యానికి, మూడోవాడు చర్చికి, నాలుగోవాడుంటే ఓడెక్కి మన దేశానికి. ఆ నాలుగోవాళ్ళలో ఒకడు కడప వైపు అధికారిగా వచ్చి జ్వరంతో పోయాడని చూసినప్పుడు, అయ్యో పాపం, మా ఎండ దెబ్బకే పోయాడు అనుకున్నాను. తాతల పేర్లే మనవలకు పెట్టుకునే పిచ్చి వాళ్ళకూ ఉంది. ఒకే పేరు గల నలుగురిని విడదీయలేక ఒక వారమంతా మిస్‌ని విసుక్కున్నాను.

ఆ కుటుంబానికి ఇప్పటి పెద్ద ఒక రిటైరైన ఆయన. పాత బంగళాలో ఒక మూల కాపురముంటాడు. తమ ఊరి చర్చిలో పెట్టడానికి వంశమంతా చెక్క పలక మీద రాయిస్తున్నాడు. రుజువులు చూపించినవాళ్ళ శాఖను కూడా రాస్తానని అందరికీ కబురు పెట్టాడు. మిస్‌కీ ఆవిడ తమ్ముడికీ కావలసింది ఒక్కటే. తమ నాయనమ్మ తల్లి ఆ ఇంటి కోడలిగా ఆ పలక మీద ఉండాలి. తమ్ముడు అది తన కళ్ళతో చూసి పోవాలనుకుంటున్నాడట. మిస్ ఆ మాట చెప్పి కళ్ళద్దాలు తుడుచుకుంది.

చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, సమాధి రాళ్ళ ఫోటోలు, పదేళ్ళకోసారి తీసిన సెన్సస్ పేజీలు, అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటిలో ఆ కాలపు బంగళా దొరని పట్టుకున్నాను. ఒక సెన్సస్‌లో ఆయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. ఆ తర్వాత భార్య సమాధి రాయి కనబడింది. మరుసటి సెన్సస్‌లో భార్య లేదు, ఆమె చెల్లెలు ఉంది. ఇంటి యజమానికి మరదలు అని రాసుంది. ఇంకో పదేళ్ళకు చూస్తే ఆ మరదలి పేరు పక్కనే భార్య అని ఉంది, ఇంకో ఇద్దరు పసిపిల్లలున్నారు. ఆ ఇద్దరిలో చిన్నది మిస్ నాయనమ్మ.

ఇందులో నాకు వింత ఏమీ కనబడలేదు. అక్క పోయింది, పిల్లలు మిగిలారు, చెల్లెలు వచ్చింది, బావను చేసుకుంది. ఇంకేం కావాలి? కంప్యూటరులో ఇద్దరి పెట్టెల మధ్యా పెళ్ళి గీత లాగేశాను. ఎప్పుడు అని అది అడిగితే, సుమారు అని పెట్టి ఒక సంవత్సరం పడేశాను. ఆ చెట్టులో ఉన్న మిగతా ప్రతి పెళ్ళికీ రిజిస్టరు పేజీ వెతికి జత చేసినదాన్ని, దీనికి మాత్రం వెతకాలనే తోచలేదు.

ఎందుకు తోచలేదంటే నా పెళ్ళీ అదే పెళ్ళి. మాది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాటంతా తెలుగే. మా అక్కను మా మేనత్త కొడుక్కిచ్చి చేశారు. అక్క జబ్బు చేసి పోయేనాటికి దాని కూతురు ఇంకా సరిగ్గా మాటలు కూడా నేర్వలేదు. పిల్ల మీదికి పరాయి ఆడదాన్ని తేవడం ఎందుకని పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఏడాది తిరక్కుండా బావకూ నాకూ నిఖా అయిపోయింది. ఆ తర్వాత నాకొక కొడుకు పుట్టాడు. అక్క కూతురు నన్ను పిన్నీ అంటుంది, నా కొడుకు అమ్మా అంటాడు, ఇద్దరూ కలిసి నా ప్రాణం తింటారు. మా ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు వెతక్కుండానే కనబడతాయి.

మిస్ ఆ చెట్టు చూసి మురిసిపోయింది. వెంటనే ఆ బంగళా పెద్దాయనకు పంపించింది. వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన జవాబు ప్రింటు తీసుకుని లైబ్రరీలోకి వచ్చి నా ఎదుట కూర్చుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన మర్యాదగానే రాశాడు. ఆ కాలంలో ఇంగ్లండు చట్టం ప్రకారం చనిపోయిన భార్య చెల్లెల్ని చేసుకోవడానికి వీల్లేదట. చేసుకున్నా అది పెళ్ళి కిందికి రాదట. కాబట్టి మీరు చూపించిన పెళ్ళి ఉండే అవకాశమే లేదు, ఆమె మా ఇంట్లో గృహ నిర్వాహకురాలిగా ఉండేదని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవారు అని ముగించాడు.

నాకు మొదట అర్థమే కాలేదు. మరదల్ని చేసుకోకూడదా? ఆ చెట్టులోనే చిన్నాన్న కూతుర్ని చేసుకున్నవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళకు ఏ చట్టమూ అడ్డం రాలేదు. ఇదేం చట్టం తల్లీ అని పైకే అన్నాను. మిస్ దానికి బదులు చెప్పకుండా, ఈ పెళ్ళికి ఏ కాగితం చూశావు అని అడిగింది. ఏ కాగితమూ చూడలేదని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ తిట్టలేదు. నేను కూడా అడగలేదు కదా, సైన్సు టీచరునై ఉండి, అంది. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. గృహ నిర్వాహకురాలు అన్న మాట మాత్రం నాకు చెంపదెబ్బలా తగిలింది. పిల్లల్ని కని, ఆ ఇంట్లోనే ముసలిదై, చివరికి పనిమనిషి లెక్కలోకి పోయిందా?

అప్పటినుంచి నాకు మిస్ కంటే ఎక్కువ పంతం పట్టుకుంది. ఆ పెళ్ళి జరిగిందా లేదా తేల్చాలి. ఇంగ్లండు రిజిస్టర్లు గాలించి తల ప్రాణం తోకకొచ్చింది. ఎక్కడా లేదు. ఆ చట్టం గురించి చదువుతూ పోతే తెలిసిందేమంటే, నాలుగు రాళ్ళు ఉన్నవాళ్ళు సముద్రం దాటి వెళ్ళి చేసుకునేవాళ్ళట. స్విట్జర్లాండ్‌లో ఒక ఊరు ఇలాంటి జంటలకు పెట్టింది పేరు. అక్కడ బావా మరదళ్ళని ఎవరూ ఆపేవారు కాదు. తిరిగి వచ్చి, మాది పెళ్ళే అని తలెత్తుకుని బతికేవాళ్ళు. చట్టం మాత్రం అప్పటికీ ఒప్పుకునేది కాదు.

శుక్రవారం పొద్దున్నే వంట పక్కన పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మా బావ నవ్వేవాడు. "ఏమే, యింగా ఆ సచ్చిపోయినోళ్ళ పెండ్లిలోనే ఉండావా? భోజనాలైనా పెడతారా లేదా?" అనేవాడు. కూతురు ఆయనతో కలిసి నవ్వేది. ఈయనకు ఏసీ గ్యాసు లీకయితే తప్ప ప్రపంచంలో ఇంకేదీ సమస్య కాదు. నేను ఆ స్విస్ ఊరి రికార్డు ఆఫీసుకు ఇంగ్లీషులోనే ఒక మెయిలు రాశాను. మిస్ దాన్ని ఫ్రెంచిలోకి మార్చి పెట్టింది. చాలా రోజులు సద్దు లేదు. ఇక రాదని నేను వదిలేసుకున్నాక, ఒక రిజిస్టరు పేజీ ఫోటో వచ్చింది.

ఇద్దరి పేర్లూ ఉన్నాయి. భార్య పోయినవాడు అని ఆయన గురించి, ఆయన మరదలు అని ఆమె గురించి దాపరికం లేకుండా రాసుంది. సాక్షులు ఇద్దరూ ఆ ఊరివాళ్ళే, ఒకడు వాళ్ళు దిగిన హోటలు యజమాని. ఇంగ్లండు నుంచి వెంట వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. కింద సంతకాలు. దొరగారి సంతకం ఎలకలు కొరికినట్టుంది. ఆమెది మాత్రం పెద్ద అక్షరాలతో, కలం నొక్కి పెట్టి, గీతలు ఎక్కడా వణక్కుండా ఉంది.

మిస్ స్క్రీను మీద ఆ సంతకాన్ని వేలితో ముట్టుకుంది. అంత దూరం వెళ్ళింది, అని మాత్రం అని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. రైళ్ళు మారి, ఓడ ఎక్కి, భాష రాని ఊళ్ళో, తన తరఫున ఒక్కరైనా లేకుండా వెళ్ళి సంతకం పెట్టిన మనిషి. ఆమె మీద నాకు జాలి వేయలేదు, కుళ్ళు పుట్టింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ పేజీ పంపిస్తే బంగళా పెద్దాయన సంతోషించానని జవాబు రాశాడు. అయినా అప్పటి చట్టం చట్టమే, పలక మీద ఆనాడు చెల్లిన పెళ్ళిళ్ళే రాయిస్తున్నానన్నాడు. అయితే ఆయన మంచివాడే, ఒక దారి కూడా చూపించాడు. పిల్లలు ఆ ఇంటి రక్తమేనన్నది ఖాయం కాబట్టి ఆ ఇద్దరినీ మొదటి భార్య కిందే రాయిద్దాం, ఎవరు గుచ్చి గుచ్చి చూస్తారు, అప్పుడు మీ శాఖ అంతా ఎక్కుతుంది అన్నాడు. రంగులు వేసేవాడు త్వరలో పని మొదలు పెడతాడు, త్వరగా చెప్పమన్నాడు. మిస్ తమ్ముడు ఆ మాట వినగానే ఒప్పుకోమన్నాడట. నాన్న పేరు, నా పేరు చర్చిలో చూసుకుంటాను, అంతకంటే నాకేం వద్దు అన్నాడట.

మిస్ రెండు రోజులు లైబ్రరీ వైపు రాలేదు. మూడోనాడు వచ్చి, చెట్టును ఆ విధంగా మార్చి ఇవ్వమని అడిగింది. చెల్లెలి పెట్టె తీసేయాలి. ఆ ఇద్దరు పిల్లల్ని అక్క పెట్టె కిందికి జరపాలి. కంప్యూటరులో ఎంతసేపటి పని? నేను ఆ పెట్టె మీదికి మౌసు తీసుకువెళ్ళి ఆగిపోయాను.

"ఇది నేను చేయను మిస్" అన్నాను.

ఆవిడ నివ్వెరపోయింది. అప్పటిదాకా ఆవిడ ముందు నా సంసారం సంగతి ఎత్తలేదు, అప్పుడు చెప్పాను. నేనూ అక్క ఇంటికి వచ్చినదాన్నే అన్నాను. మా అక్క కూతుర్ని స్కూల్లో చేర్చేటప్పుడు తల్లి పేరు దగ్గర నా పేరే రాసేద్దాం, కాగితాలు సులువవుతాయి అని మా ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు, దాన్ని కన్నది మా అక్క, అక్క పేరే ఉండాలని పట్టుబట్టాను. రేపు ఎవరో వచ్చి నా కొడుకును తీసుకుపోయి మా అక్క కింద రాస్తే నేను ఊరుకుంటానా? మా అక్క అంటే నాకు ప్రాణం. అయినా వాణ్ణి కన్నది నేను.

మిస్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నీది న్యాయమే అంది. ఆ తర్వాత ఇంకొక మాట అంది. "ఆమె పోయి వందేళ్ళు దాటింది. నా తమ్ముడు ఇంకా బతికున్నాడు."

నేను మౌసు మీదనుంచి చెయ్యి తీసేశాను. ఆవిడ కోపంగా లేచి పోలేదు, నేనూ దురుసుగా మాట్లాడలేదు. కానీ ఆ రోజు తర్వాత ఆవిడ టీ తాగడానికి లైబ్రరీకి రావడం మానేసింది. చెట్టును ఎవరి చేతనో మార్పించి పంపేసిందని తర్వాత తెలిసింది. వెళ్ళిపోయే ముందు అందరితో పాటు నన్నూ కౌగిలించుకుని, చాలా సాయం చేశావు అంది. నేను కూడా క్షేమంగా వెళ్ళి రండి అన్నాను, మళ్ళీ రాదని తెలిసి కూడా.

సెలవులు అయి బళ్ళు తెరిచాక వాట్సాప్‌లో ఆవిడ దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. చర్చి గోడ, దాని మీద నల్లటి చెక్క పలక, బంగారు రంగు అక్షరాలు. పక్కన చక్రాల కుర్చీలో ముసలాయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. నా తమ్ముడు ఇంత సంతోషంగా ఉండగా చూసి చాలా కాలమైంది అని రాసింది. ఫోటో పెద్దది చేసి చూశాను. దొరగారికి ఒకే భార్య. ఆమె కింద వరసగా నలుగురు పిల్లలు. తన కడుపున పుట్టని ఇద్దర్ని కూడా ఆ అక్క మోస్తోంది, చెల్లెలు ఎక్కడా లేదు. ముసలాయన నవ్వు చూస్తే మిస్‌ను తప్పు పట్టబుద్ధి కాలేదు. పలక చూస్తే మాత్రం కడుపు రగిలిపోయింది. చాలా సంతోషం మిస్ అని జవాబు పెట్టాను.

ఆ సాయంత్రం బావ పని నుంచి వచ్చి అన్నం తింటుంటే ఫోన్ ఆయన ముందు పెట్టాను. పిల్లలు లోపలి గదిలో ఉన్నారు. ఆయన ఎడమ చేత్తో ఫోటో అటూ ఇటూ జరిపి చూశాడు. పిల్లల పేర్లు ఎక్కాయి గదా, ముసలాయన సంతోషపడ్డాడు గదా, ఇంకేమి అన్నాడు. అంతే, నాకు ఎక్కడిదో కోపం ముంచుకొచ్చింది. ఆ దొరసాని మీద నాకు ఇన్నాళ్ళూ కుళ్ళు ఎందుకో ఆ క్షణాన తెలిసింది.

"వాళ్ళకు దేశమంతా అడ్డం పడినాది బావా. అయినా ఒకరినొకరు అడుక్కోని, సముద్రం దాటి పోయి చేసుకున్యారు. మనకు అందరూ ఒప్పుకున్యారు. నన్ను మాత్రం ఎవురూ అడగల్యా."

ఇన్నేళ్ళ కాపురంలో ఈ మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. ఉందని కూడా నాకు తెలియదు. ఆయన తినడం ఆపాడు. నేను ఏడుస్తానేమో అని నాకే భయం వేసి నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"నన్ను మాత్రం ఎవురడిగినారే?" అన్నాడు.

నేను గ్లాసు కింద పెట్టేశాను. నిర్ణయం చేసిన పెద్దల వరసలోనే ఈయన కూడా ఉన్నాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పెద్దలు మాట్లాడుకుంటుండగా ఈయన ఎక్కడున్నాడో గుర్తు చేసుకున్నాను. వసారాలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని, అక్క పోయినప్పటినుంచి గీయని గడ్డంతో, నేల చూస్తూ కూర్చున్నాడు. లోపలినుంచి ఎవరో పిలిచి, నీ మరదల్నిచ్చి చేస్తున్నాం అని చెబితే తల ఊపాడు. ఆయనకేం కావాలని ఆ రోజు నేను కూడా అడగలేదు.

ఆయన లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, నా ఎదుట కింద కూర్చున్నాడు. నెత్తిన సగం వెంట్రుకలు నెరిసిన మనిషి.

"ఇప్పుడడుగుతాండా. నన్ను చేసుకుంటావా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. ఆలోచించుకోని చెప్తా పో అన్నాను. తొందరేం లేదన్నాడు గానీ, అక్కణ్ణించి లేవలేదు.